మామగారి కేకకు సరిపడా కరెంటు

ముప్పయ్యేళ్లు టాక్సీ నడిపి ఎవరి బంపరు మీదా గీత పెట్టని ఆ మనిషిని స్టాండులో అందరూ నిదానం అనేవారు. ఆ నిదానం మామగారు తిట్టి నేర్పినది. మామగారు డ్రైవింగు స్కూలు నడిపిన మాస్టారు. శిష్యుల మీద అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయేలోగా, అరవవలసినదంతా ఒక క్యాసెట్టులోకి అరిచి, అల్లుడి చేతిలో పెట్టిన ముందుచూపు గలవారు. "నేను పోయినా పక్కసీట్లోనే ఉంటాను," అన్నారు. అది దీవెనో బెదిరింపో అల్లుడికి నేటికీ తేలలేదు.

ఆ క్యాసెట్టు ఒకనాడు కారు స్టీరియోలో ఇరుక్కుపోయింది. రిపేరు చేసేవాడు టార్చి వేసి చూసి, "లాగితే మీ మామగారు ముక్కలైపోతారండీ. తిరిగినన్నాళ్లు లోపలే తిరగనివ్వండి," అని తేల్చాడు. తర్వాత మామగారు పోయారు. ఆ గొంతు వినే ధైర్యం చాలక భార్య వాయిదా వేస్తూ వచ్చింది. భర్త ఆ వాయిదాను మనస్ఫూర్తిగా సమర్థిస్తూ, అన్నేళ్లూ రేడియోతో సరిపెట్టుకున్నాడు.

చివరికి కారు తుక్కుకు వెళ్లే రోజు వచ్చింది.

"కారు ఏ గంగలోనైనా కలవనివ్వండి. మా నాన్న మాత్రం ఇంటికి రావాలి," అంది భార్య.

స్టీరియో వచ్చి భోజనాల బల్లమీద కూర్చుంది. వెనకసీటు పైనుండే రెండు స్పీకర్లను అల్లుడు బియ్యం డబ్బా ఖాళీ చేసి అందులో అమర్చాడు. స్టీరియో వెనక పసుపు తీగ దాని గడియారానికీ జ్ఞాపకానికీ, ఎరుపు తీగ కారు తాళం తిప్పినప్పుడు దాన్ని మేల్కొలపడానికీ. ఇంట్లో తాళం లేదు కనుక రెండింటినీ కలిపి ప్లస్సుకు, నలుపును మైనస్సుకు కలిపాడు. కారుకు పన్నెండు వోల్టులు. మూలపడిన ఇంటర్నెట్ డబ్బా అడాప్టరు మీదా పన్నెండే. వోల్టులను కందిగింజంత అక్షరాల్లోనూ, ఆంపియర్లను చీమకాలంత అక్షరాల్లోనూ అచ్చువేసే కంపెనీల నిజాయితీని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మర్యాద.

దీపం వెలిగింది. టేపు కదిలింది.

"సీటు ముందుకు జరుపుకో నాయనా. అద్దం చూసుకో. ఇప్పుడు మెల్లగా..."

టప్పున ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. మామగారు మరో మెత్తని మాట చెప్పి, ఊపిరి బిగబట్టి, ఆగిపోయారు. ఎన్నిసార్లు పెట్టినా అదే తంతు.

"నాయనా అన్నాడా? మిమ్మల్నా?" అంది భార్య.

"లోపల అభిమానం ఉండేదిలే."

"కన్నకూతుర్నే ఏనాడూ అలా పిలవలేదు. ఏం చేశారు మీరు?"

"నేనేం చేస్తానే? టేపు అరిగింది."

అది పచ్చి అబద్ధం. బలహీనపడిన బ్యాటరీ లోపలి దీపాన్ని వెలిగిస్తుంది గాని ఇంజన్ను తిప్పలేదని ముప్పయ్యేళ్ల డ్రైవరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ బక్క అడాప్టరు గుసగుసలను మోయగలదు గాని మామగారి కేకను మోయలేదు. కేక మొదలయ్యే క్షణాన కరెంటు చాలక స్టీరియో చచ్చిపోతోంది. బతికుండగా ఎవరి వల్లా కాని సంస్కారాన్ని ఒక ఆంపియరు ఆయనకు నేర్పింది. చేతికందిన ఈ భాగ్యాన్ని చెడగొట్టుకునే అల్లుడు లోకంలో ఉంటాడా?

ఈసారి ఆగినప్పుడు లోపల కిర్రుమంది. భార్య స్టీరియో మీద చెయ్యి వేసింది.

"ఇలా మధ్యలో ఆగుతుంటే టేపు నలుగుతుంది కదూ?"

అతను సరిగ్గానే ఉన్న తీగను మళ్లీ సర్దాడు.

"తెగితే ఇంకెక్కడా లేదు ఆ గొంతు. ఫోటోలున్నాయి, కోటుంది. ఏ ఫోటో అయినా తిడుతుందా?" ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నాకీ మర్యాదస్తుడు వద్దండీ. మా నాన్న కావాలి."

నిదానం చెప్పులు వేసుకున్నాడు. దుకాణాల బోర్డు దీపాలకు కరెంటు ఇచ్చే చిల్లుల ఇనుప పెట్టె, పన్నెండు వోల్టులే గాని పది ఆంపియర్లది, కొనితెచ్చాడు. తన మెడకు తానే ఉరి పేనుకునేవాడి శ్రద్ధతో తీగలు బిగించి, మధ్యలో ఫ్యూజు కూడా పెట్టాడు. మామగారి విషయంలో ఫ్యూజు లేకుండా ఏదీ చేయరాదని అనుభవం.

"సీటు ముందుకు జరుపుకో నాయనా. అద్దం చూసుకో. ఇప్పుడు మెల్లగా... మెల్లగా అన్నానురా దున్నపోతా! అది కాలా, రోకలిబండా? నీకు నా కూతుర్నిచ్చిన చేతులు విరగ్గొట్టుకోవాలి!"

బియ్యం డబ్బా కంపించింది. గోడ మీది ఫోటో సైతం అదిరింది. భార్య రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు కుదిపి కుదిపి నవ్వుతూ, ఏడుస్తూ, "ఇదిగో, ఇదీ మా నాన్న. కాస్త పెంచండి," అంది.

అతను పెంచాడు. "క్లచ్చు!" అన్న గర్జన వినగానే, బల్లకింద అతని ఎడమకాలు తనంతట తానే ముందుకు పోయి గచ్చును గట్టిగా తొక్కింది.

"ఇప్పుడా తొక్కేది?" అన్నారు మామగారు.