ఫిలిప్పీన్స్ పుస్తకంలో కరీంనగర్ గుట్ట

ఖతర్ వెళ్ళడానికి నేను పైకి చెప్పిన కారణం తమ్ముడి కొత్త ఇల్లు చూడ్డం. అసలు కారణం మరదలు మేరీ ఫోన్‌లో అన్న మాట. మేరీ దోహాలో ఒక కిండర్‌గార్టెన్ ఆఫీసులో పనిచేస్తుంది.

"వదినా, మా లీసా టీచరు దగ్గర ఫిలిప్పీన్స్ పిల్లల బొమ్మల పుస్తకాలు రెండు పెట్టెలున్నాయి. చెత్త, వరదలు, కూలి పని, వలస... అన్నీ కథలే. అవి చూశారంటే మీరు రాయడం మానేస్తారు."

ఇరవై రెండేళ్ళుగా పిల్లల కథలు రాస్తున్నదాన్ని. నా కథల్లో నక్క గానీ కాకి గానీ నీతి చెప్పకుండా చచ్చిన పాపాన పోలేదు. నా చేత రాయడం మాన్పించే పుస్తకమేదో కళ్ళారా చూడాలనిపించింది. మా ఆయన మాత్రం ఆ మాట విని, "రెండు పెట్టెలూ తెచ్చేసుకో" అన్నాడు, అదోలా.

బుధవారం సాయంత్రం రాజమండ్రిలో రైలెక్కి, గురువారం పొద్దున సికింద్రాబాద్‌లో దిగి, ఎయిర్‌పోర్టు బస్సులో శంషాబాద్ చేరాను. విమానం పదిన్నరకి. పక్క సీటాయన జగిత్యాల వైపు మనిషి, సెలవు అయిపోయి దోహాలో కూలీల క్యాంపుకి తిరిగి వెళ్తున్నాడు.

"ఏం పని మీద పోతున్రు మేడం?"

"పిల్లల బొమ్మల పుస్తకాలు చూడ్డానికి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఏజెంటు గట్లనే చెప్పిండా? జర పైలం. పాస్‌పోర్టు ఎవ్వరికీ ఇయ్యకున్రి."

అక్కడి టైము పన్నెండున్నరకి దిగాం. తమ్ముడికి డ్యూటీ ఉంది కాబట్టి మెట్రోలో రమ్మన్నాడు. మీరెవరైనా వెళ్తే గుర్తుంచుకోండి: విమానాశ్రయం నుంచి ఎర్ర లైను, ముషైరిబ్‌లో దిగి ఆకుపచ్చ లైను, అల్ మన్సూరాలో దిగాలి. టికెట్టు రెండు రియాళ్ళు. రెండు రియాళ్ళకి ఇంత మెత్తటి సోఫా ఇచ్చారేమిటా అని మురిసిపోతూ కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఎదురుగా నిలబడ్డ మెట్రో ఉద్యోగిని చాలా మర్యాదగా, "మేడం, ఇది గోల్డ్ పెట్టె. మీ కార్డు మామూలుది" అంది. మిగతా ప్రయాణం నిలబడే చేశాను. చలి మాత్రం రెండు పెట్టెల్లోనూ ఒకటే. దుప్పటి తీసుకెళ్ళండి, సిగ్గుపడకండి.

సాయంత్రం తమ్ముడు ఆ స్టేషన్ పక్కనే ఉన్న తన ఆఫీసు నుంచి వచ్చి కారులో ఐన్ ఖాలిద్‌లోని ఇంటికి తీసుకెళ్ళాడు. ఇల్లు బాగుంది. ఇల్లు చూసే కార్యక్రమం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

శుక్రవారం పది గంటలకి మేరీ, నేను మళ్ళీ అల్ మన్సూరాలో ఉన్నాం. నాలుగో అంతస్తులో లీసా ఫ్లాటు, శుక్రవారాలు అక్కడ పిల్లలకి కథలు చదువుతుంది. గుమ్మం బయట చెప్పులు చూస్తే లోపల పెళ్ళి జరుగుతోందనిపించింది. హాల్లో పాతిక మందికి పైగా పిల్లలు. ఫిలిప్పీన్స్ వాళ్ళే ఎక్కువ, కొందరు మలయాళీలు, నలుగురు మనవాళ్ళు. అందరూ ఆవిడని "టీటా, టీటా" అంటున్నారు, పిన్నీ అన్నట్టు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, చేతిలో స్కేలుతో. ఆ స్కేలు కొట్టడానికి కాదు. పుస్తకాలకి అట్టలు వేయడానికి.

పుస్తకాల పెట్టెలు బడి నుంచి తెచ్చి పైకి మోసినాయన తలుపు దగ్గర నేల మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. పేరు లింగయ్య. కిండర్‌గార్టెన్ వ్యాను నడుపుతాడు, కరీంనగర్ దగ్గర పల్లె. శుక్రవారం సెలవే అయినా పెట్టెల కోసం వస్తాడట.

"రూముల పండుకుంటే ఏమొస్తదక్కా? ఈడ ఊకె కూసోని కథలు ఇంటుంట."

నేను పుస్తకాలు తిరగేశాను. తప్పులు వెతుకుదామనే కూర్చున్నాను, దాచుకోవడమెందుకు. ఒకదాంట్లో ఊరివాళ్ళ బట్టలుతికే తల్లి. కూతురికి బడిలో ఎవరి చొక్కా అమ్మ ఉతికిందో వాసనతో తెలిసిపోతుంది. ఇంకోదాంట్లో తుఫానుకి కొట్టుకుపోయిన ఇంటి తలుపు మాత్రం దొరుకుతుంది. ఆ కుటుంబం ఖాళీ స్థలంలో తలుపు నిలబెట్టుకుని, తట్టి మరీ లోపలికి వెళ్తుంది. ప్రతి పేజీలో పైన వాళ్ళ భాష, కింద ఇంగ్లీషు. ఎక్కడా పెద్దవాళ్ళు వేలు చూపించి బుద్ధులు చెప్పలేదు. ఆఖరి పేజీ కింద నేను అలవాటుగా నీతి కోసం వెతుక్కున్నాను. ప్రచురణకర్త చిరునామా ఉంది.

లీసా ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఈ నలుగురు పిల్లలకీ మీ భాషలో కథ చెప్పేవాళ్ళు ఎప్పుడూ దొరకలేదు. ఇది చెప్పండి. మిగతావాళ్ళు బొమ్మలు చూస్తారు."

అది ఒక కొండ కథ. మొదటి పేజీలో కొండ ఎంత ఎత్తంటే పుస్తకాన్ని నిలువుగా తిప్పి పట్టుకోవాలి. ఒక పిల్ల ఇంటి ముందు నిలబడి చేతులు చాపి కొండని దాచే ఆట ఆడుతుంది. మొదట రెండు అరచేతులూ చాలవు. లారీలొస్తాయి. కొన్ని పేజీల తర్వాత ఒక అరచేయి చాలుతుంది. ఆ తర్వాత బొటనవేలు. మధ్యలో ఊరికి రోడ్డు పడుతుంది, కొత్త బడి లేస్తుంది, ఆ బడి గచ్చు కొండ రాయే. పిల్ల ఆ నున్నటి గచ్చు మీద జారుతూ ఆడుకుంటుంది కూడా. ఆఖరి పేజీలో పిల్ల బొటనవేలు ఎత్తి పట్టుకుని ఉంటుంది, దాని వెనక ఏమీ ఉండదు. అక్షరం ముక్క లేదు.

నేను బాగానే చెప్పాను. "బుండోక్ అంటే కొండ" అని ఫిలిప్పీన్స్ పిల్లలు అరిస్తే, "కొండ అంటే బుండోక్" అని మనవాళ్ళు అరిచారు. ఆఖరి పేజీకొచ్చేసరికి నా నోరు ఊరుకోలేదు. "కాబట్టి పిల్లలూ, మనమందరం ప్రకృతిని కాపాడుకోవాలి. కాపాడుకుంటాం కదూ?" అన్నాను. నలుగురూ "ఆఁ" అన్నారు, వైద్యుడికి నాలుక చూపించినట్టు.

లీసాకి తెలుగు రాదు గానీ పేజీలు చూడ్డం వచ్చు. "చివరి పేజీలో మాటల్లేవు కదా. మీరేం చదివారు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, అక్కడేమైనా కొత్తగా మొలిచిందేమో అన్నట్టు ఆ పేజీని దగ్గరగా చూసింది. పిల్లలు నవ్వారు. మేరీ మరీ ఎక్కువ నవ్వింది.

నవ్వనిది లింగయ్య ఒక్కడే.

"అక్కా," అన్నాడు, "మా ఊర్ల గుట్ట గిట్లనే పోయింది. గ్రానైటు. టిప్పర్లతోని మోసిన్రు. ఆ టిప్పరు నడిపినోణ్ణి నేనే."

"అయ్యో" అన్నాను.

"గుట్ట మీద సీతాఫలం చెట్లుండె. నా భార్య రాజవ్వ పండ్లు తెంపి సంతల అమ్మేది. ఒక దిక్కు ఆమె తెంపేది, ఇంకో దిక్కు నేను మోసేది. గుట్ట ఒడిసినంక ఇద్దరికీ పని లేకపాయె. గప్పుడు ఈడికొచ్చిన. మా ఊరోళ్ళు లింగయ్య దుబాయ్ పోయిండంటరు. నిజం జెప్పాలంటే గుట్టనే నాకంటె ముందుగాల పోయింది. రాయంతా ఓడలెక్కింది కదక్కా. గీ మాల్‌ల నున్నటి నేల మీద నడుస్తుంటే, ఇది మనదేనా అని వంగి చూస్త. సెక్యూరిటోడు నా ఫోన్ పడిపోయిందనుకుంటడు."

ఆయనకి ఎనిమిదేళ్ళ కూతురుంది, అక్షయ. గుట్ట చూసిన జ్ఞాపకం ఆ పిల్లకి లేదు. టిప్పరు సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఈ పుస్తకం కూతురికి ఫోన్‌లో చదివి వినిపించాలని ఉందన్నాడు. చదివితే అదీ చెప్పాల్సి వస్తుందేమోనని భయంగానూ ఉందన్నాడు.

లీసా పుస్తకాలు ఎవర్నీ ఇంటికి తీసుకెళ్ళనివ్వదు. ఒకసారి ఎవరో తీసుకెళ్ళి చేపల కూర మరకతో తిరిగిచ్చారట. ఆవిడ పెట్టిన భోజనం, అంటే నూడుల్సు, పులుపు వేసి వండిన కోడి, చిలగడదుంపకి చుట్టమనిపించే ఊదారంగు హల్వా, తింటూ మేరీ, నేను బతిమాలాం. చివరికి ఒక షరతు పెట్టింది. "తెలుగు మాటలు చీటీల మీద రాసి ప్రతి పేజీలో అంటించండి. అవి పుస్తకంలోనే ఉండిపోవాలి. ఇక్కడికి తెలుగు పిల్లలు ఇంకా వస్తారు."

శనివారం పదకొండింటికి నజ్మా అనే పేటలో ఒక టీ అంగడిలో లింగయ్య, నేను చీటీలు రాయడానికి కూర్చున్నాం. కరక్ చాయ్ రెండు రియాళ్ళు, చిక్కగా, మన పెళ్ళిళ్ళ టీ కంటే మేలు. నేను "పర్వతం" అని రాశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గుట్ట అని రాయున్రి. పర్వతం మా ఊర్ల లేదు."

"కొండ" కొట్టేశాం, "యంత్రాలు" కొట్టేసి "జేసీబీ" రాశాం. మూడో చాయ్‌కి నా రచనలో నావి అక్షరాలే మిగిలాయి, మాటలన్నీ ఆయనవే. చివరి పేజీకొచ్చాక నేను కలం ఎత్తాను.

"ఆడ ఏం రాయకున్రి అక్కా," అన్నాడు. "నిన్న మీరు చెప్పింది మంచిదే. గాని ఒద్దు."

ఇరవై రెండేళ్ళలో నాకింత మర్యాదగా ఎడిటింగ్ చేసినవాళ్ళు లేరు.

ఆదివారం బడి పిల్లల్ని ఇళ్ళ దగ్గర దించేశాక, లింగయ్య సాయంత్రం నాలుగింటికి ఐన్ ఖాలిద్‌లో మా వీధి చివర నీడలో వ్యాను ఆపాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు, పుస్తకం ఫోన్‌కి ఎదురుగా పట్టుకోవడానికి. వాళ్ళ ఊళ్ళో అప్పుడు ఆరున్నర. తెర మీద రెండు జడలు, ఊడిన పన్ను కనిపించాయి.

లింగయ్య గొంతు మొదట బడి పిల్లాడిలా తడబడింది. తర్వాత కుదురుకుంది. అక్షయ అవతల చేతులు చాపి పేజీ పేజీకీ గుట్టని దాచే ఆట ఆడింది. ఆఖరి బొమ్మ దగ్గర ఆయన ఆగాడు. నా చేతులు నొప్పెడుతున్నా పుస్తకం దించలేదు.

"బాపూ, గుట్టను ఎవలు తీస్కపోయిన్రు?"

కంపెనీ అనొచ్చు. లారీలు అనొచ్చు. నేనైతే "దురాశ, తల్లీ" అనేదాన్ని. ఆయన స్టీరింగ్ వైపు చూశాడు.

"శానమంది, బిడ్డా. మన ఊరి గుట్టనైతే... నేను గుడ తీస్కపోయిన. టిప్పరు నడిపిన."

ఆ పిల్ల మొహం తెరకి దగ్గరగా పెట్టి, "నీకు ఏడుపు రాలేదా?" అంది.

"గప్పుడు రాలే."

ఫోన్ వెనక గిన్నె చప్పుడైంది. ఒక ఆడగొంతు వినిపించింది, కోపమో కాదో తేల్చుకోలేనట్టుగా. రాజవ్వ. "అక్షీ, మల్ల మొదటికెళ్ళి సదువుమను. నేను పొయ్యికాడ ఉంటి, సగం ఇనలే."

లింగయ్య చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. నేను పుస్తకం మళ్ళీ మొదటి పేజీకి తిప్పి, నిలువుగా పట్టుకున్నాను.

సోమవారం ఎనిమిదింటి విమానానికి మేరీ దింపింది. లీసా ఇచ్చిందంటూ ఒక పొట్లం చేతికిచ్చింది. దోహా ఎలా ఉందని నన్ను చాలామంది అడిగారు. ఎత్తైన మేడలు సముద్రం ఒడ్డున బాగుంటాయి, మ్యూజియం బాగుంటుంది, అవి మీరెలాగూ చూస్తారు. శుక్రవారం పొద్దున అల్ మన్సూరాలో ఏదో ఒక గుమ్మం ముందు చెప్పులు కుప్పగా కనిపిస్తే, మీవీ అక్కడ వదిలి లోపలికి వెళ్ళండి. ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. మీ తెలివితేటలు కూడా చెప్పుల పక్కనే వదిలేస్తే ఇంకా సుఖం.

మధ్యాహ్నం మూడున్నరకి శంషాబాద్‌లో కస్టమ్స్ ఆఫీసరు నా సంచీ తెరవమన్నాడు. ఖర్జూరాలు, సబ్బులు పక్కకి జరిపి పొట్లం పట్టుకున్నాడు. "ఇదేంటమ్మా, ఇంత బరువు?"

నాకూ తెలియదు. ఆయనే విప్పాడు. బొమ్మల పుస్తకం. అట్ట మీద పడవలో తండ్రీ కూతురూ వల విసురుతున్నారు. ఆఫీసరు అట్టలో బంగారం దాచానేమో అని తడిమి చూశాడు. తర్వాత ఒక పేజీ తిప్పాడు. వలలో చెప్పు పడింది. ఇంకో పేజీ, ప్లాస్టిక్ కుర్చీ. ఇంకో పేజీ, పాత టీవీ. ఆయన మీసం కింద పెదవులు కదలడం మొదలుపెట్టాయి, కింద ఉన్న ఇంగ్లీషు చదువుతున్నాడు. నా వెనక వరస పెరుగుతోంది.

"సార్, చేప పడిందో లేదో జల్ది చెప్పున్రి. మేము ఊర్లకు పోవాలె!" అని ఎవరో అరిచారు. అప్పటికే ముందున్న ముగ్గురు నా భుజం మీదుగా తొంగి చూస్తున్నారు.

ఆఫీసరు ఆఖరి పేజీ తిప్పి, కాసేపు చూసి, పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"పడింది," అన్నాడు వరస అంతటికీ వినపడేలా. "చిన్నదే."