మెస్సులో మేకలు లేవు

పదకొండేళ్లుగా నేను నాలుగు బస్తాల పెంట ఎరువు మోస్తున్నాను. నవ్వకండి. సరే, నవ్వండి. నవ్వకుండా ఈ సంగతి తలుచుకోవడం నాకే చేతకాదు, నా తిప్పలు అక్కడే ఉన్నాయి. నవ్వు ఆగాక ఒకామె ముఖం గుర్తొస్తుంది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పేస్తున్నాను.

మా ఊరు శంషాబాద్ అవతల. నెత్తిమీద విమానం దిగుతున్నా మా మేకలు తల కూడా ఎత్తవు, అంత అలవాటు. నేను రాజేంద్రనగర్ వైపు ఒక యూనివర్సిటీలో వ్యవసాయం చదివాను. రెండో ఏడాదిలో క్యాంపస్ చెత్తను వేరుచేయించడానికి విద్యార్థి సంఘం ఒకటి పెట్టి, నన్ను కార్యదర్శిని చేశారు. పని కన్నా నోరు ఎక్కువున్న వాళ్లకే కదా ఆ పదవి. మెస్సు ముందు డ్రమ్ములు పెట్టించాం, తడి చెత్తకు పచ్చది, పొడి చెత్తకు నీలిది. నా ఉపన్యాసం గంటసేపు విని, బుద్ధిగా తలూపి, బయటికి రాగానే సమోసా కాగితాన్ని పచ్చ డ్రమ్ములో వేసేవాళ్లు.

ఆ కాగితాలు మళ్లీ ఏరేది బాలమ్మక్క. అంతకుముందు హాస్టల్ బాత్రూములు కడిగేది. సంఘం పెట్టాక ఆమెను మెస్సు వెనక ఎరువు గుంట పనికి మార్చారు. ఒకప్పుడు సేద్యం చేసిన మనిషి. చేతిలో చీపురు పోయి పార వచ్చేసరికి ఆమె నడకే మారిపోయింది. పొద్దున్నే గుంట తిప్పి, ఎండుటాకులు పరిచి, నీళ్లు చిలకరించి, సొంత పొలం గట్టు మీద కూర్చున్నట్టు కూర్చుని చాయ్ తాగేది.

గుంట ప్రారంభం రోజున మైకు నా చేతికొచ్చింది. "ముప్పై రోజుల్లో మన మెస్సు చెత్త ఎరువైపోతుంది" అనేశాను. ముప్పై అని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వినడానికి బాగుందని అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు మా పెద్దసారు కూడా పొంగిపోయి, ముప్పై ఒకటో రోజుకు బయటి నుంచి ఒక కమిటీని పిలిచేశారు. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేమని మా నానమ్మ ఊరికే అనేది కాదు.

ఇరవై ఎనిమిదో రోజు గుంటలోకి చూస్తే నిమ్మ తొక్కలు నిన్న వేసినట్టే ఉన్నాయి. అన్నం ముద్దలు పులిసి కంపు. "మూడు నెలలు పడ్తది బిడ్డా. ఆగమాగం జేస్తే అయితదా?" అంది బాలమ్మక్క. ఎవరు వింటారు? మా నాన్న తమ్ముడు, మా కాక, రోజూ పొద్దున్నే ట్రాలీ ఆటోలో కూరగాయలు తీసుకుని మా క్యాంపస్ మీదుగానే పోతాడు. ప్రాక్టికల్స్‌కు కావాలని ఆయనకు అబద్ధం చెప్పి, మా ఇంటి పెంటకుప్ప నుంచి నాలుగు బస్తాలు తెప్పించాను. కమిటీ వచ్చే రోజు, అక్క పనిలోకి రాకముందే, గుంట నిండా పరిచేశాను.

కమిటీ పెద్దాయన గుప్పెడు తీసి వాసన చూసి, "మెస్సు చెత్తతోనా!" అని ఆశ్చర్యపోయాడు. నాకు ప్రశంసాపత్రం, పక్కన సార్లతో ఫొటో. బాలమ్మక్క దూరంగా పార పట్టుకుని నిలబడి ఉంది. అందరూ వెళ్లాక వంగి, ఎరువులోంచి నల్లటి గుండు ఒకటి ఏరి, అరచేతిలో పెట్టి నాకు చూపించింది.

"గిదేంది బిడ్డా?"

"ఏందక్కా?"

"మేక పెంటిక. మన మెస్సుల మేకలు ఎప్పటిసంది తింటున్నయి?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అక్కా, ఎవలకు చెప్పకు జర" అన్నాను.

"నేనెందుకు చెప్త? నువ్వే చెప్తవ్ తియ్, ఎప్పుడో ఒకప్పుడు" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

కాలేదు. మరుసటి ఏడాది కొత్త పిల్లలు నా ముప్పై రోజుల లెక్కనే నమ్ముకున్నారు. ముప్పై రోజులు దాటినా ఎరువు కాలేదు, కంపు మాత్రం ఆడపిల్లల హాస్టల్ దాకా పోయింది. సూపర్‌వైజరు వచ్చి, గుంట తిప్పడం ఎగ్గొట్టావని బాలమ్మక్క మీద విరుచుకుపడ్డాడు. అటుగా పోతున్న నన్ను పిలిచాడు. "పోయిన ఏడు ముప్పై దినాలల్ల అయింది కదమ్మా?"

అక్క నా వైపు చూసింది. బతిమాలినట్టు కాదు, ఊరికే చూసింది.

"అయింది సార్" అన్నాను.

ఎందుకన్నాను? ఆ రోజు నిజం చెబితే నాకేం పోయేది? ఒక కాగితం, నలుగురిలో ఒక రోజు నవ్వులు. ఆమెకు పోయింది ఆ పార. మర్నాటి నుంచి మళ్లీ బాత్రూములు. నా సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె చెప్పి ఉంటే ఆమెను తిట్టుకునైనా బతికేదాన్ని.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటో తెలుసా? ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పెద్ద క్యాంటీన్‌లో చెత్త వేరుచేయించి ఎరువు చేయించడం. ఇంటర్వ్యూలో నా ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టింది ఆ ప్రశంసాపత్రమే. కొత్తగా చేరిన వాళ్లకు హుషారు రావాలని ఇప్పటికీ ఆ ముప్పై రోజుల కథే చెబుతాను. చెప్పగా చెప్పగా ఎంత బాగా చెబుతానో, ఒక్కోసారి నేనే నమ్మేస్తాను.

పోయిన వారం శంషాబాద్ అంగట్లో బాలమ్మక్క కనిపించింది. పని మానేసి ఆకుకూరలు పండించి అమ్ముతోంది. జుట్టు తెల్లబడింది, గొంతు అదే. నలుగురూ వినేలా అడిగింది.

"ఏం బిడ్డా, మేకలు మంచిగున్నయా?"

"మంచిగున్నయక్కా" అన్నాను. అప్పుడూ చెప్పలేదు.

తోటకూర నాలుగు కట్టలు తీసుకుంటే కొసరుగా ఇంకో కట్ట సంచిలో పడేసింది. నన్ను క్షమించిందనుకుని నా గుండె ఉప్పొంగింది. పక్కకు జరిగి కాసేపు చూశాను. ఆమె కొసరు అందరికీ వేస్తోంది.

కాబట్టి రాస్తున్నాను. ముప్పై రోజుల్లో కాలేదు. ఆ ఎరువు మా ఇంటి పెంటకుప్పది. మెస్సులో మేకలు లేవు. ఆ గుంటను రోజూ తిప్పింది బాలమ్మక్క, ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. అయిందని అబద్ధం చెప్పింది నేను.

అమ్మయ్య.