కరియకు రెండో వాత

తొండూరు పద్మావతమ్మకు కోపం కొత్త కాదు. పాతికేళ్ళు అంగన్‌వాడీలో ఆయాగా చేసి, పిల్లలకు పురుగుల పప్పు దించబోతే ఆటోకు అడ్డం నిలబడి మూట వెనక్కి పంపిన మనిషి. కానీ ఆ శ్రావణ శనివారం వచ్చిన కోపం వేరు.

కరియ ఆమె పెంచిన కుక్క. పన్నెండేళ్ళది. వెనక కాళ్ళు బిగుసుకుపోయి, ఇంట్లో నున్నటి నాపరాళ్ళ మీద జారిపడేది. పులివెందుల పశువుల డాక్టరు చూసి కీళ్ళవాతమన్నాడు. పూర్తిగా పోదు, నొప్పి తగ్గించొచ్చు. కుక్కకని రాసిచ్చిన మాత్రే వేయాలి, మనుషులది వేస్తే కడుపులో పుండ్లు పడతాయి. ఒళ్ళు పెరగనీకూడదు, రోజూ కొంచెం నడిపించాలి. పద్మావతమ్మ ఇల్లంతా గోనెపట్టలు పరిచింది. పొద్దున్నే ఉడుకునీళ్ళ గుడ్డతో కాపడం పెట్టింది. నెల తిరిగేసరికి కరియ వాకిలి దాకా నడిచింది.

మేనమామే మొగుడైన ఆదినారాయణకు ఇదంతా చాదస్తం. తన మోకాళ్ళ నొప్పికి ప్రొద్దుటూరు మాత్రలు మింగుతాడు గానీ, ఎద్దుకు కాలు పట్టేస్తే కడ్డీ కాల్చి వాత పెట్టడమే ఆయనకు తెలిసిన వైద్యం. ఆమె గండి గుడికి పోయొచ్చేలోగా కరియ తుంటికి వాత పెట్టేశాడు.

"పెట్టంగానే లేసి పరిగెత్తింది మే. నీ డాక్టరుకు నెల పట్టింది, నాకు నిమిషం," అన్నాడు. వచ్చే శనివారం రెండోది పెడితే గానీ మందు పూర్తి కాదట.

కరియ మంచం కిందికి దూరింది. పద్మావతమ్మ చెయ్యి చాపితే మూలకు జరిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నోరులేని జీవి మంటకు పరిగెత్తితే నయమైందనుకునే బుద్ధికి ఏ డాక్టరు మందిస్తాడని ఆమె వారమంతా రగిలిపోయింది.

శనివారం ఆమె యాడికీ పోలేదు. తెల్లారే తానే కడ్డీ పొయ్యిలో పెట్టింది. ఆదినారాయణ మురిసిపోయి, గోడ పట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"కుక్కను పట్టుకరా."

"దానికి గాదు మామా. పంచె పైకి లాక్కో. మూడేండ్లుగా మోకాళ్ళు నొస్తాండాయి గదా."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎర్రగా కాలిన కడ్డీ పట్టుకుని దగ్గరికొచ్చింది. ఆదినారాయణ లేచి, గోడ పట్టుకోకుండానే వాకిలి దాటాడు.

"సూడు, శానా బాగైంది," అంది.

కడ్డీని నీళ్ళబానలో ముంచింది. ఆ చుయ్యిమనే చప్పుడుకు మంచం కింద కరియ గజగజ వణికింది. పద్మావతమ్మ కోపమంతా అప్పుడు ఏడుపైంది. కాపడం గుడ్డ పట్టుకుని మధ్యాహ్నం దాకా మంచం పక్కనే కూర్చుంది. కరియ బయటికి రాలేదు.