మూడో మ్యాచ్

మా అమ్మాయి ఆడే బేస్‌బాల్ జట్టు ఫైనల్‌కి వెళ్లిందన్న కబురూ, ఆమె కుడిచేతి ఉంగరపు వేలు చిట్లిందన్న కబురూ ఒకే శనివారం సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చాయి. సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్ తలుపు తీసేసరికి ఎదురుగా నిలబడి ఉంది. వేలికి నీలం రంగు కట్టు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. వెనక మా ఆయన ఆమె కిట్ బ్యాగు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా నిలబడ్డారు.

"గెలిచాం అమ్మా," అంది ముందు. వేలి సంగతి బూట్లు విప్పాక చెప్పింది. బంతి బ్యాటు అంచుకి రాసుకుని, దారి మార్చుకుని వచ్చి గ్లవ్ లేని చేతికి తగిలిందట. తండ్రీకూతుళ్లిద్దరూ అటునుంచి అటే క్లినిక్‌కి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నారు. ఫోన్‌లో చెబితే నేను కంగారు పడతానని ఇద్దరూ కలిసి తీర్మానించుకున్నారు.

"డాక్టర్ ఏమన్నాడు?"

"మూడు వారాలు బంతి ముట్టుకోవద్దన్నాడు," అన్నారాయన.

"మరి ఫైనల్ ఎప్పుడు?"

"వచ్చే శనివారం మొదలు. మూడు మ్యాచ్‌ల సిరీస్. వారానికొకటి."

నేను వేళ్లు మడిచి చూసుకున్నాను. మూడో మ్యాచ్‌కి ముందురోజు కట్టు విప్పుతారు. "అయితే మూడోది నీదే," అన్నాను.

"సీ హౌ లా," అని అమ్మాయి స్నానానికి వెళ్లిపోయింది. చూద్దాంలే అనడానికి ఈ ఊరి పిల్లలు అనే మాట అది.

ఆ సిరీస్ ఆమెకి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. అది పదిహేనేళ్ల లోపు పిల్లల లీగు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడొచ్చు. ఆ ఏడాదితో ఆమెకి వయసు దాటిపోతుంది. ఆపైన మగపిల్లలకి పెద్ద జట్టు ఉంది. ఆడపిల్లలు కావాలంటే పెద్ద బంతితో ఆడే సాఫ్ట్‌బాల్‌కి వెళ్లొచ్చు. ఆమెకి సాఫ్ట్‌బాల్ అక్కర్లేదు. పదేళ్లప్పటి నుంచి ఆ చిన్న బంతి కోసం ముఖానికి జల్లెడలాంటి ముసుగు తగిలించుకుని, బ్యాట్స్‌మన్ వెనక గొంతుకూర్చుని గడిపింది. మా ఆయన ఆమెని "కీపరమ్మా" అని పిలిచేవారు. "క్యాచర్, నాన్నా, క్యాచర్," అని ప్రతిసారీ దిద్దేది. ఆయన ప్రతిసారీ మళ్లీ అలాగే పిలిచేవారు.

జట్టు మాత్రం గెలిచే జట్టు కాదు. సెంగ్‌కాంగ్, ఆంగ్ మో కియోల్లోని ఫ్లాట్ల పిల్లలు. వాళ్ల అమ్మానాన్నల్లో ఒక్కరికీ ఆ ఆట తెలియదు. కోచ్ టాక్సీ నడిపి రిటైరైన చైనీస్ పెద్దాయన. పిల్లలూ మేమూ అందరం అంకుల్ అనే పిలిచేవాళ్లం. ఫైనల్లో ఎదుటి జట్టు పిల్లలవి నాన్నలూ తాతలూ బేస్‌బాల్ ఆడిన ఇళ్లు. ఆ పిల్లలు బంతి పట్టే తీరు చూస్తే నడక కంటే ముందు అది నేర్చుకున్నారేమో అనిపించేది.

ఆట గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీ పెట్టిన భిక్షే. నేను ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని. పెళ్లయ్యాక డిపెండెంట్ పాస్ మీద, అంటే మా ఆయన ఉద్యోగం ఆధారంగా ఇచ్చే వీసా మీద, ఈ దేశం వచ్చాను. ఉద్యోగం చేసే వీల్లేదు. పాప పుట్టాక దాన్ని లైబ్రరీకి తీసుకెళ్లి బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తూ ఇంగ్లీషు నేనే నేర్చుకున్నాను. పాప ఆ షెల్ఫులు దాటి వెళ్లిపోయింది. నేనూ దాటాను. చరిత్ర, నక్షత్రాలు, వంటింటి రసాయనశాస్త్రం, ఏది దొరికితే అది. అమ్మాయి బేస్‌బాల్‌లో చేరిన ఏడాది ఆ ఆట మీద లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ తెచ్చుకుని చదివాను. బంతి ఎందుకు వంగుతుందో, మైదానం వజ్రం ఆకారంలో ఎందుకుంటుందో నాకు తెలుసు. బంతి మీద నూట ఎనిమిది కుట్లుంటాయని చదివిన రోజు మా ఆయన్ని నిద్రలేపినంత పని చేశాను.

"అష్టోత్తరం సరిపోయిందండీ."

"అయితే కొబ్బరికాయ కొట్టి ఆడమను," అన్నారాయన పక్కకి తిరిగి పడుకుంటూ.

ఫైనల్‌కి ముందు వారం నేను జట్టు అవకాశాలు లెక్కకట్టడానికి కూర్చున్నాను. సంభావ్యత మీద ఒక పుస్తకం తెచ్చుకున్నాను. ఒక్కో మ్యాచ్‌లో మా పిల్లలు గెలిచే అవకాశం మూడింట ఒకటి అనుకున్నాను. అది కూడా ప్రేమకొద్దీ వేసుకున్న అంకె. మూడు మ్యాచ్‌లలో గెలుపోటములు ఎన్ని రకాలుగా రావచ్చో కాగితం మీద గీసుకుని, ఒక్కోదాని బరువు కట్టి కలిపాను. ఇరవై ఏడింట ఏడు వచ్చింది. పావు వంతు కంటే కాస్త ఎక్కువ. ఇలాంటి లెక్కల్లో మూడు ఆటలూ ఆడతారనే అనుకుని చేయాలని పుస్తకంలోనూ ఉంది. నా పద్ధతి సరైనదేనని సంతోషించాను.

ప్రాక్టీస్ దగ్గర కోచ్ అంకుల్‌కి ఆ సంగతి చెప్పాను. ఆయన టోపీ వెనక్కి నెట్టి, "వన్ ఇన్ ఫోర్? నాట్ బ్యాడ్ వాట్," అన్నారు. తర్వాత చాలా గంభీరంగా, "ఆంటీ, నెక్స్ట్ టైమ్ లాటరీ నంబర్ ఆల్సో యు కౌంట్ ఫర్ మీ, కెన్?" అన్నారు. పిల్లలంతా నవ్వారు. మా అమ్మాయి సిగ్గుతో గ్లవ్‌లో ముఖం దాచుకుంది.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు. మరీ ఘోరంగా కాదు, కానీ గెలుస్తారని ఏ నిమిషంలోనూ అనిపించలేదు. మా అమ్మాయి జెర్సీ వేసుకుని బెంచీ చివర కూర్చుని, ఆమె స్థానంలో ఆడుతున్న చిన్నపిల్లకి అరిచి అరిచి సలహాలు చెప్పి గొంతు పోగొట్టుకుంది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

"ఎందుకే ఏడుపు?" అన్నాను పెరుగు వడ్డిస్తూ. "రెండోది పోయినా మూడోది ఉందిగా. మూడోది నువ్వు ఆడతావు. కప్పు రాకపోతే పోయింది. నువ్వు ఆడావా లేదా, అదీ లెక్క."

"అంతేగా," అన్నారు మా ఆయన. "ఐదు టెస్టుల సిరీస్‌లో మూడు ఓడినా మిగతా రెండూ ఆడరూ? సిరీస్ పోయాక ఆడేవాడికే స్వేచ్ఛ. ఏ భయమూ ఉండదు. కీపరమ్మ ఆ రోజు చెలరేగిపోతుంది చూడు."

అమ్మాయి ఏడుపు ఆపింది. ఆయన వైపు చూసి, నా వైపు చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. "ఓకే లా," అని ఎడమచేత్తో చెంచా పట్టుకుని పెరుగన్నం తినడం మొదలుపెట్టింది. నా మాట పనిచేసిందనుకున్నాను. 

ఆ వారమంతా నేను నిశ్చింతగా ఉన్నాను. మిగతా పిల్లల తల్లులు రెండో మ్యాచ్ గురించి ఫోన్లో మెసేజ్ మీద మెసేజ్ పెడుతుంటే, వీళ్లకి ఇంత కంగారెందుకో అనుకున్నాను. మా ఆయన మూడో శనివారం ఆఫీసు పని ఏదీ పెట్టుకోకుండా చూసుకున్నారు. 

రెండో మ్యాచ్‌కి పులిహోర చేసి తీసుకెళ్లాను. మా పిల్లలు ఆ రోజు బాగా ఆడారు. ఆట సగం దాటేసరికి ఒక్క పరుగే వెనక. అప్పుడు పడమటి వైపు మబ్బు కమ్మి, పిడుగు హెచ్చరిక సైరన్ మోగింది. ఈ ఊళ్లో ఆ సైరన్ మోగితే మైదానంలో ఎవరూ ఉండకూడదు. అందరం రేకుల కప్పు కిందకి చేరాం. వాన మొదలైంది.

మిగతా పిల్లలు కోచ్ చుట్టూ చేరారు. మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. కొంతకాలంగా అది నా పక్కన కూర్చోవడం మానేసింది. పులిహోర డబ్బా చేతికిస్తే పక్కన పెట్టి నా భుజం మీద తల ఆనించింది. జుట్టంతా చెమట వాసన.

"అమ్మా, మూడో మ్యాచ్‌లో ఏమవుతుందో చెప్పు."

"ఏం చెప్పనే?"

"ఎనీథింగ్. నేను ఏం చేస్తానో చెప్పు."

నాకు తెలిసినదంతా పెట్టి చెప్పాను. మొదటి బంతికే నీ గ్లవ్‌లో ఎలాంటి చప్పుడు వస్తుందో చెప్పాను. బంతి విసిరే సందు చూసుకుని పరుగెత్తి రెండో బేస్ దొంగిలించబోయిన పిల్లాణ్ని, కూర్చున్న చోటునుంచి లేస్తూనే విసిరి అవుట్ చేస్తావన్నాను. వాడు నమ్మలేక అంపైర్ వైపు చూస్తాడన్నాను. నాన్న లేచి నిలబడి "కీపరమ్మా" అని అరుస్తారన్నాను.

"నో, అప్పుడు క్యాచర్ అని అరవాలి. ఒక్కసారైనా."

"సరే, క్యాచర్ అనే అరుస్తారు."

"దెన్?"

వాన తగ్గే దాకా చెప్పాను. కళ్లు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను, కానీ నేను ఆగినప్పుడల్లా "దెన్?" అనేది.

సైరన్ ఆగింది. పిల్లలు మళ్లీ మైదానంలోకి వెళ్లారు. ఆ ఒక్క పరుగు అలాగే ఉండిపోయింది. చివరి బ్యాటర్ కొట్టిన బంతి పైకి లేచింది, చాలా ఎత్తుకి. ఎదుటి జట్టు పిల్లాడు దాని కింద నెమ్మదిగా నడిచి నిలబడి, పట్టుకున్నాడు. 

ఎదుటి పిల్లలు గ్లవ్‌లు గాల్లోకి విసిరేసి ఒకరి మీద ఒకరు పడ్డారు. "ఇంకొకటి మిగిలే ఉంది, అప్పుడే ఏంటీ పండగ?" అన్నారు మా ఆయన. ఎవరో మడత బల్ల తెచ్చి దాని మీద గుడ్డ పరిచారు. గుడ్డ మీద కప్పు పెట్టారు. మా పిల్లల్లో కొందరు తడినేల మీదే కూలబడి ఏడుస్తున్నారు. నేను చప్పట్లు కొడుతూనే కోచ్ అంకుల్ దగ్గరికి వెళ్లి, వచ్చే శనివారానికి మా అమ్మాయి సిద్ధంగా ఉంటుందని చెప్పాను.

ఆయన టోపీ తీశారు. నా వెనక ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు చూశారు.

"ఆంటీ, నెక్స్ట్ వీక్ నో మోర్. టూ-జీరో. ఫినిష్ ఆల్రెడీ."

"మూడో మ్యాచ్?" అని ఇంగ్లీషులో అడిగాను.

"విన్ టూ, ఫినిష్. నో గేమ్ త్రీ, ఆంటీ." ఆ మాట చెప్పాల్సింది తనే అయినందుకు బాధపడుతున్నట్టు చాలా మెల్లగా అన్నారు.

వెనక్కి తిరిగాను. మా ఆయనకి కూడా వినబడింది. ఆయన చేతిలో పులిహోర డబ్బా మూత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డారు. కొంచెం అవతల మా అమ్మాయి బెంచీ కింద వంగి, ఒంటిచేత్తో మిగతావాళ్ల బ్యాట్లు ఏరి సంచీలో పెడుతోంది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఎల్‌ఆర్‌టీలో దాని పక్కన సీటు దొరికింది. రైలు ఫ్లాట్ల కిటికీల పక్కనుంచి వెళుతోంది.

"నీకు ముందే తెలుసు కదా?"

"యా."

"మేమిద్దరం వాగుతుంటే చెప్పలేదేం మరి?"

అది కిటికీలోంచి బయటికే చూస్తోంది. "ఎవ్రీబడీ వాజ్ సో స్కేర్డ్, అమ్మా. కోచ్ కూడా. నువ్వు ఒక్కదానివే భయపడలేదు. నీ దగ్గర కూర్చుంటే గేమ్ త్రీ నిజంగా ఉన్నట్టు ఉండేది." వేలి కట్టు సర్దుకుంటూ, "సో ఐ జస్ట్ లెట్ యు టాక్ లా," అంది.

తర్వాత నేను లైబ్రరీకి వెళ్లి ఆ పుస్తకం మళ్లీ తీశాను. మూడు ఆటలూ ఆడతారనుకోమన్న వాక్యం కిందే ఇంకో వాక్యం ఉంది. రెండు ఓడిన జట్టుకి మూడో ఆట గెలిచినా ఓడినా ఒకటే కాబట్టి, అది ఆడినా ఆడకపోయినా జవాబు మారదని. ఇరవై ఏడింట ఏడు సరైన జవాబే. ఎక్కడా తప్పు దొర్లకపోవడం వల్లే నాకు అనుమానం రాలేదు. పుస్తకం షెల్ఫులో పెట్టి, ఆ రోజు ఇంకేమీ తెచ్చుకోకుండా వచ్చేశాను.

శుక్రవారం కట్టు విప్పారు. లోపల వేలు సన్నగా, పాలిపోయి, నానబెట్టినట్టుంది. మడవమంటే సగమే మడిచింది. ఇంకొన్నాళ్లు వ్యాయామం చేయాలన్నాడు డాక్టర్. 

"చూశావా," అన్నారు మా ఆయన బయటికొచ్చాక, ఓదార్పుగా. "మ్యాచ్ ఉన్నా ఈ వేలితో ఆడలేకపోయేదానివి."

"ఆడేదాన్ని," అంది.



శనివారం పొద్దున క్లబ్బు సామాను తిరిగి ఇవ్వడానికి మైదానానికి వెళ్లాం. ముసుగు, ఛాతీ కవచం, కాళ్ల కవచాలు, జెర్సీ. కోచ్ అంకుల్ ఒక్కొక్కటీ అందుకుని పెట్టెలో పెడుతున్నారు. ఆ జెర్సీ విషయంలో నేను సీజనంతా సణుగుతూనే ఉన్నాను. ఆ ఎర్రమట్టి మెషీన్‌కి లొంగేది కాదు. ప్రతి శనివారం రాత్రి బాత్రూంలో కూర్చుని సబ్బుబిళ్లతో, బ్రష్‌తో తోమేదాన్ని. నీళ్లు ఎర్రగా పోతూనే ఉండేవి.

అంకుల్ జెర్సీని విప్పి, ముందూ వెనకా తిప్పి చూశారు. పొట్ట దగ్గరో మోచేతుల దగ్గరో మట్టి మిగిలిందేమోనని అందరివీ అలాగే చూస్తారు. 

"వా, సో క్లీన్," అన్నారు నాతో, మెచ్చుకోలుగా. అని, ఎందుకు అంత శుభ్రంగా ఉందో ఆయనకే గుర్తొచ్చినట్టుంది. మడతపెట్టి, పెట్టెలో అన్నిటికంటే కింద పెట్టారు.