వేదిక మీద ఖాళీ లేదు

మా మేనత్త ఏలూరులో ఒకసారి కౌన్సిలరుగా గెలిచింది, తర్వాత ఒకసారి ఓడింది. గెలిచినప్పుడు వార్డులో కాలువలు వేయించింది, ఓడాక నాటకాలు వేయించింది. ఆ ఊపులోనే కొల్లేట్లో ఓ సినిమా తీసింది. అది తాడేపల్లిగూడెంలో నాలుగు రోజులు ఆడింది. రెండు రోజులు మా బంధువులే చూశారు, అందులో సగం మంది ఏసీ కోసం.

"కొంగలు బాగా చేశాయిరా," అంది అత్తయ్య. అంతకుమించి బాధపడలేదు.

బాధల్లా పాత నాటకశాల గురించే. పైకప్పు కారుతోందని దాన్ని పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలన్న మాట వచ్చింది. వచ్చే వారం కౌన్సిల్ సమావేశంలో తేలిపోతుంది. ఓటెయ్యబోయే పెద్దలు ఒక్క నాటకం ఆసాంతం చూస్తే మనసు మార్చుకుంటారని ఆవిడ నమ్మకం. చిక్కేమిటంటే, మన పెద్దలు నాటకానికి రారు, శాలువాకి వస్తారు. అది భుజాన పడగానే వాళ్లకి ఇంకో ప్రోగ్రాం గుర్తొస్తుంది.

సమావేశానికి ముందు ఓ సాయంత్రం ఆ నాటకశాలలోనే మా నాటకం. నాది కొల్లేటి జాలరి వేషం. అసలు ఉద్యోగం వట్లూరు కాలేజీలో పాఠాలు చెప్పడం. అత్తయ్య మైకు పట్టుకుంది. పిలవకపోతే అలుగుతారన్నది ఆవిడ రాజకీయ అనుభవం. గెలిచినవాళ్లనీ, ఓడినవాళ్లనీ, ఈసారి నిలబడదామనుకుంటున్నవాళ్లనీ కూడా పైకి పిలిచింది. ముందు వరసల కుర్చీలు కూడా వాళ్లతోపాటే వేదికెక్కాయి.

మేకప్ ఆయన అత్తయ్య దగ్గరికొచ్చి, "అమ్మగారూ, తెర దింపితే పెద్దల మోకాళ్లకి తగుల్తాదండీ," అన్నాడు.

"అత్తయ్యా, జనమంతా పైనున్నారు, కింద మనమే మిగిలాం," అన్నాను. అత్తయ్య నవ్వలేదు. రెండో జోకు మింగేశాను.

ఆవిడ వేదికకీ వెనక వరసలకీ మధ్య ఖాళీ అయిన నేల వంక చూసింది. "కిందే ఆడండ్రా," అంది. తర్వాత మైకులో, "పెద్దలంతా అక్కడే కూర్చోవాలండీ. శాలువాలు నాటకం అయ్యాకే."

మొదలెట్టాం. తుఫాన్లో జాలరి తిరిగిరాడు, భార్య ఒడ్డున ఎదురుచూస్తోంది. జాలరినైన నేను స్తంభం వెనక వల్లో ఇరుక్కుని ఉన్నాను. అప్పుడే వేదిక మీద, ఓటున్న పెద్దల్లో ఒకాయన వాచీ చూసుకుని లేచాడు.

వెనక వరసలోంచి ఓ ముసలావిడ అరిచింది. "ఏవండీ, అప్పుడే వెళ్లిపోతున్నారేంటండీ? అతనింకా ఒడ్డుకే రాలేదు కదండీ!"

హాలంతా ఆయన వైపే తిరిగింది. కిందైతే చీకట్లో జారుకునేవాడు. అక్కడ నెత్తిమీద లైటు. కూర్చున్నాడు. ఇక ఎవరూ లేవలేదు. చివర్లో ఆయన కళ్లు తుడుచుకున్నాడు. చెమటేమో అనుకున్నాను గానీ, ఫ్యాను సరిగ్గా ఆయన మీదే తిరుగుతోంది.

శాలువా కప్పించుకుని కూడా ఆయన కదల్లేదు. "పైకప్పు ఎక్కడ కారుతుందమ్మా?" అని అడిగాడు. అత్తయ్య గొడుగు కర్రతో ఒక్కో చోటూ చూపిస్తూ నడిచింది. ఆయన వెనకాల మిగతా పెద్దలు, శాలువాలతో సహా.

సమావేశంలో కాంప్లెక్స్ మాట వాయిదా పడింది. రద్దు కాదు, వాయిదానే. అత్తయ్య మర్నాడే ఇంకో నాటకానికి రిహార్సల్ పెట్టింది.