కొసరు వెయ్యని సతుర్నినా

సతుర్నినా యరాంగా పుట్టినప్పుడు ఒకే ఒక్క ఏడుపు ఏడ్చి ఊరుకుందట. "ఇంకొక్కటి ఏడువు తల్లీ, కొసరుగా" అని మంత్రసాని బతిమాలితే, ఆ పసిగుడ్డు పెదాలు బిగించి మొహం అటు తిప్పుకుందట. మా కొండల ఊరు హువమంగా బజారులో ఈ సంగతి నమ్మనివాడు లేడు. నమ్మనివాళ్ళను నేనే దగ్గర కూర్చోబెట్టుకుని నమ్మించాను.

ఆవిడ అమ్మేది నాగజెముడు పండ్లు. బజారు వెనక గేటు దగ్గర, నెత్తిన నీడ లేని చోట, పండ్లమ్మే ఆడవాళ్ళ వరసలో మొదటి బండి ఆవిడది. పక్కనే రేడియోలు బాగుచేసే బల్ల నాది. నాకు నేర్పడానికి ఇంకేమీ మిగలక విశ్వవిద్యాలయం రెండో ఏడే నన్ను వదులుకుంది. ఆ నష్టం వాళ్ళది. అప్పటినుంచీ ఆ బల్ల వెనక కూర్చుని లోకాన్ని చూస్తున్నాను. కొసరు పడందే బేరం ముగియని ఊరు మాది. రొట్టెలమ్మి ఒక రొట్టె ఎక్కువేస్తుంది, బంగాళాదుంపలవాడు గుప్పెడు విసురుతాడు. సతుర్నినా మాత్రం, "తియ్యగా ఉంది కదా, అదే కొసరు" అంటుంది.

నాగజెముడు పండుతో వచ్చిన చిక్కల్లా దాని మీది నూగుముళ్ళే. కంటికి ఆనవు, చేతిలో దిగితే ఊడిరావు. వరసలో ఆడవాళ్ళు గరిటె పట్టుకోవాలన్నా ఏడ్చేవాళ్ళు. సతుర్నినా పాత ఇనుప సామాన్లలోంచి ఒక వాషింగ్ మెషిన్ డ్రమ్ము ఏరుకొచ్చి, లోపల కొండగడ్డి కుచ్చులు బిగించి, సైకిల్ పెడలు తగిలించింది. తొక్కితే పండు పసిపిల్ల బుగ్గలా నున్నగా బయటికొచ్చేది. మొదటిరోజు మరీ జోరుగా తొక్కేసరికి పండ్లు తొక్క కూడా తామే విప్పుకుని వచ్చి బండి మీద కూర్చున్నాయి. నేను చూశాను.

దానికి రాజధాని లిమా నుంచి ఆవిడ పేరున పేటెంటు వచ్చింది. త్రాసుకీ పునీతుడి పటానికీ మధ్య దాన్ని వేలాడదీసింది. తర్వాత అదే లిమా నుంచి ఒక పళ్ళరసాల కంపెనీ వచ్చింది. వాళ్ళు కొంటామన్నది యంత్రాన్ని కాదు, దాని మీది హక్కుని. వరసలో ఆడవాళ్ళు తనని చూసి చేసుకున్న డ్రమ్ములు వాళ్ళే వాడుకోవచ్చని ముందే ఒప్పించి, ఆవిడ సరేనంది. ఆ డబ్బుతో బండి మీద రేకుల కప్పు వేయించాలని ఆశ. మా దగ్గర పండ్లూ వానలూ ఒకేసారి వస్తాయి.

ఈలోగా ఇంకొకటి చేసింది. డ్రమ్ము తిరిగేటప్పుడు నూగుముళ్ళు గాల్లోకి లేచి అందరి కళ్ళలో పడుతుంటే, డ్రమ్ము మూతి చుట్టూ తడిపిన గొర్రెతోలు కుట్టింది. ముళ్ళన్నీ ఆ బొచ్చుకే అంటుకునేవి. వరసలో ప్రతి బండికీ తనే ఒకటి కుట్టిచ్చింది. ఆ తోలు సంగతి పేటెంటులో లేదు.

దస్తావేజు రాసుకునే రోజు నోటరీ దోన్ ఫావ్స్తినో గదిలో కూర్చున్నాం. సాక్షిని నేను. కంపెనీ లాయరు బెర్నాలెస్ కుర్రాడు, మా కొండగాలికి జలుబు చేసి తుమ్ముతున్నాడు. నోటరీ చదువుతున్నాడు: "...సదరు యంత్రముపై సర్వహక్కులను, దానికి ఇప్పటివరకు చేసిన, ఇకముందు చేయబోవు మెరుగుదలలన్నిటితో సహా, కంపెనీకి బదిలీ చేయడమైనది."

"ఆగాగు దోన్ ఫావ్స్తినో. మెరుగుదలలంటే ఏంటి?" అంది సతుర్నినా.

లాయరు ముక్కు తుడుచుకున్నాడు. "మీరు దానికి కొత్తగా ఏదైనా జోడిస్తే అదీ కంపెనీదే అవుతుంది సెన్యోరా. అందరూ రాసేదే."

"నా గొర్రెతోలు?"

"అదీ."

"రేపు స్నానం చేస్తుంటే ఇంకో ఊహ తట్టిందనుకో?"

"చట్టప్రకారం... అదీనూ."

"అయితే మీ కంపెనీ వచ్చి వీపు రుద్దుతుందా నాయనా?"

నేను కిసుక్కుమన్నాను. "నువ్వు పడుకో ఇంజనీరూ, సంతకానికి లేపుతాను" అని నా నోరు మూయించి, మళ్ళీ లాయరు వైపు తిరిగింది. "వీటన్నిటికీ వేరే ధర ఏమన్నా రాశావా?"

"వేరే ధరంటూ లేదండీ." సర్దిచెప్పబోయి, పాపం, మా ఊళ్ళో ఆవిడ ముందు ఎవరూ అనకూడని మాట అనేశాడు. "కొసరనుకోండి."

వాడి తుమ్ము సగంలోనే ఆగిపోయింది. చర్చి గడియారం కూడా కాసేపు ఆగింది.

"కొసరు అమ్మేదాని చెయ్యి వెయ్యాలి నాయనా" అంది సతుర్నినా. "కొనేవాడే బుట్టలో చెయ్యి పెట్టి తీసుకుంటే, మా బజార్లో దాన్ని ఇంకో పేరుతో పిలుస్తాం. డ్రమ్ము అమ్ముతానన్నాను, తీసుకో. తోలు అమ్ముతానన్లేదు. రేపు మీవాళ్ళొచ్చి అది విప్పమంటే కళ్ళు నలుపుకునేది మా వరస."

"అలాగైతే కంపెనీ ఒప్పుకోదు సెన్యోరా."

"అలాగైతే నీ బస్సు ఎన్నింటికి?"

నోరు అలా అంటున్నా, ఆవిడ చూపు కిటికీ బయట కమ్ముకొస్తున్న మబ్బు మీదుంది. రేకుల కప్పు అటే ఎగిరిపోయేలా ఉంది. "పోనీలే అత్తా, పెట్టెయ్" అందామని నా నోటిదాకా వచ్చింది. అన్నాననుకోండి, ఆ పెడలుకి నన్నే తగిలించేది.

దోన్ ఫావ్స్తినో కళ్ళజోడు తీశాడు. "లాయరు గారూ, నా జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఈవిడ దగ్గర పండ్లు కొంటున్నాను. ఒక్క పండు కొసరు వెయ్యమని అడుగుతూనే ఉన్నాను." తల ముందుకు వంచాడు. "ఇదుగో, ఇప్పుడు చూడండి."

లాయరు ఆ తెల్లజుట్టుని చూశాడు. ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. పండ్ల కాలం వాళ్ళకీ నెత్తి మీదే ఉంది. తుమ్ముకుంటూ తిరిగొచ్చి, "ఆ ముక్క కొట్టెయ్యండి" అన్నాడు.

సతుర్నినా సంతకం పెట్టింది. బండి మీద కప్పు లేచింది. వెంటనే గొర్రెతోలుకి ఇంకో పేటెంటు అడిగింది, అదీ ఆవిడ పేరునే వచ్చింది. ఆపాటికి కంపెనీలో పనివాళ్ళు కళ్ళు నలుపుకోవడం మొదలైంది. మరుసటి కాలానికి బెర్నాలెస్ మళ్ళీ మా గేటు దగ్గర ప్రత్యక్షం.

"తోలు అమ్ముతారా సెన్యోరా?"

"అమ్మను. అద్దెకిస్తాను."

లైసెన్సు రాసుకున్నారు. ఏటేటా వచ్చే ఆ అద్దెతో వరస మొత్తానికి కప్పు పడింది. ఆ కార్నివాల్లో మా ఆడవాళ్ళు "లిమావాడు కొసరడిగె, లిమా అంతా అద్దె కట్టె" అని పాట కట్టి వీధివీధినా ఊగిపోతూ పాడారు. ఆ డప్పు చప్పుడుకి లిమాలో కిటికీలు అదిరాయి.

లైసెన్సు సంతకమైన రోజు లాయరు వెళ్తుంటే ఆవిడ వెనక్కి పిలిచి, అడక్కుండానే, బుట్టెడు పండ్లు కొసరుగా వాడి చేతుల్లో పోసింది. బజారు బజారంతా లేచి నిలబడింది. దోన్ ఫావ్స్తినో కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఇంతవరకూ రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. పెడలు తొక్కడం ఆపకుండానే విని, అంది:

"పుట్టినప్పుడు పొద్దుగూకేదాకా ఏడ్చానని మా అమ్మ చెప్పేది. లాయరుకిచ్చింది బుట్ట కాదు. ఒక్క పండు. అదీ నలిగింది."