ఎర్ర గుడ్డ కట్టిన బకెట్

గ్రాంట్ రోడ్‌లో ఒక కొరియర్ ఆఫీసులో నేను కొత్తగా చేరిన రోజులవి. మేముండేది వేశ్యావాడగా పేరుపడ్డ కామాఠిపురలో, వరస గదుల చాల్‌లో. ఇల్లెక్కడని అడుగుతారనే భయంతో అందరూ టీకి వెళ్లినా నేను వెళ్లేదాన్ని కాదు.

ఆఫీసులో ఏ రూటు సంచి ఏదో తెలియక పార్సిళ్లు తారుమారయ్యేవి. మా చాల్ కుళాయి దగ్గర బకెట్లు కలిసిపోకుండా ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రంగు గుడ్డ కడతారు. మాది ఎరుపు. సంచులకూ అలా రంగు గుడ్డలు కడితే సరి అని, బకెట్ల మాట ఎత్తకుండా, వర్లి నుంచి పనికొచ్చే స్వాతికి చెప్పాను.

"చాయ్ కాడికే రావు, సార్‌కేం చెప్తవే? నేను చెప్తా తియ్," అంది.

స్వాతి చెప్పిన రంగు గుడ్డల ఉపాయం నచ్చి, మీటింగులో సార్ ఆమెనే సంచుల పనికి ఇన్‌ఛార్జిని చేశారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని ఆమెని అడిగారు.

"టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే తట్టింది సార్."

టీకి వెళ్లేవాళ్లంతా తలూపారు. నేను లేచి నిలబడ్డాను.

"ఏంటమ్మా?"

నాదని చెప్పాలంటే బకెట్ల సంగతి చెప్పాలి, చాల్ పేరు చెప్పాలి.

"మంచినీళ్లకి సార్," అని బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర, వరసలో మా బకెట్ దాని చోటే ఉంది. అమ్మ పని నుంచి వచ్చేదాకా దాన్నెవరూ ముట్టుకోలేదు. చెప్పుకోవడానికి నేను సిగ్గుపడిన ఆ చోట, ఒకరి బకెట్ ఇంకొకరు ఎత్తుకుపోరు.